తూకానికి పోయిన మహావీరులు

1998లో కలకత్తాలో ఒక క్వార్టరు నుండి మరొక క్వార్టరుకు మారిన రోజున మా ఇంటి నుండి రెండు వస్తువులు శాశ్వతంగా సెలవు తీసుకున్నాయి. ఒకటి కాలు విరిగిన చెక్కబల్ల. రెండవది, రేకు పెట్టె నిండా పిల్లలు దాచుకున్న బొమ్మల కథల పుస్తకాలు. పాత కాగితాలు కొనే మనిషి ఫాంటమ్‌ను, మాండ్రేక్‌ను, బాంటుల్‌ను ఏ మాత్రం భేదం పాటించక ఒకే తక్కెడలో వేసి తూచాడు. పెట్టెను కూడా ఇనుము ధరకు అతడే తీసుకున్నాడు. వచ్చిన సొమ్ముతో ఆ సాయంత్రం ఇంటిల్లిపాదీ రసగుల్లాలు తిన్నాము. బదిలీలు, ఇల్లు మారడాలు తెలియని ఉద్యోగి కుటుంబం మనలో అరుదు గనుక, ఈ అనుభవం మా ఒక్కరిదే కాదని మా నమ్మకం.

2019 ఏప్రిల్‌లో ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ చిత్రం విడుదలైంది. అప్పటికి ఉద్యోగరీత్యా వేరే ఊళ్లో ఉన్న మా అబ్బాయి మొదటి వారంలోనే ఆ సినిమా చూసి, ఆ రాత్రే ఫోను చేశాడు. “నాన్నా, మన రేకు పెట్టె ఎక్కడ పెట్టారు?” అని అడిగాడు. ఇరవై యొక్క సంవత్సరాల తర్వాత వచ్చిన ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేకపోయింది. వాడి తల్లి ఫోను అందుకుని, భోజనం చేశావా అని అడిగి సంభాషణను మరొక దారికి మళ్లించింది.

సినిమా తెర మీది వీరుడు పాత కాగితాన్ని గుర్తుకు తేవడం మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. జెరీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు యువకులు సృష్టించిన సూపర్‌మాన్ 1938లో ‘యాక్షన్ కామిక్స్’ తొలి సంచికలో అమెరికా పిల్లలకు పరిచయమయ్యాడు. ఆ సంచిక వెల 10 సెంట్లు. ఆ పాత్రపై సర్వహక్కులకు సృష్టికర్తలిద్దరికీ కలిపి ముట్టినది 130 డాలర్లు. అదే సంచిక ప్రతి ఒకటి 2024లో వేలంలో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇంతటి ధర పలకడానికి మొదటి కారణం, మిగిలిన ప్రతులు బహు కొద్ది కావడం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పాత కాగితాన్ని ఊరూరా సేకరించి కార్ఖానాలకు పంపారు. యుద్ధం తర్వాత మిగిలిన వాటిని తల్లులు ఇల్లు సర్దుతూ పారవేశారు. అంటే, అక్కడి తల్లిదండ్రులు కూడా మా వంటివారే! రెండవ కారణం సినిమా. 1978లో క్రిస్టఫర్ రీవ్ నటించిన ‘సూపర్‌మాన్’, 1989 నాటి ‘బాట్‌మాన్’, 2002 నాటి ‘స్పైడర్‌మాన్’, 2008లో ‘ఐరన్‌మాన్’తో మొదలైన చిత్రాల వరుస, ఇవన్నీ పాఠకులు మరచిపోయిన కాగితపు వీరులను మళ్లీ ఇంటింటి పేర్లుగా చేశాయి. పేరు పెరిగిన కొద్దీ పాత సంచికలకు గిరాకీ పెరిగింది.

మన దేశంలో ఈ రుచిని మరిగించిన ఘనత ‘ఇంద్రజాల్ కామిక్స్’ది. టైమ్స్ ఆఫ్ ఇండియా వారి ఈ ప్రచురణ 1964 మార్చిలో ఫాంటమ్ కథతో ఆరంభమై 1990లో ఆగిపోయే నాటికి ఎనిమిది వందలకు పైగా సంచికలు వెలువరించింది. ఇంగ్లీషుతో పాటు బెంగాలీ వంటి పలు భారతీయ భాషల్లోనూ వచ్చింది. ఇందులో బెంగాల్‌కు సంబంధించిన ఒక చమత్కారం ఉన్నది. లీ ఫాక్ 1936లో సృష్టించిన మూలకథలో ఫాంటమ్ నివసించే దేశం పేరు మొదట ‘బెంగాలీ’, తర్వాత ‘బెంగల్లా’. ఆ పేరు మన పాఠకులను తికమక పెడుతుందని కాబోలు, ఇంద్రజాల్ వారు దానిని ‘డెంకాలీ’గా మార్చారు. సింగ్ అనే సముద్రపు దొంగల ముఠా ‘సింగా’ అయింది. బెంగాలీ పాఠకులు ఫాంటమ్‌ను ‘అరణ్యదేవ్’ అని పిలుచుకున్నారు. ఇంత చక్కని పేరు పెట్టుకున్న తర్వాత ఆయన పరాయివాడెలా అవుతాడు? టిన్‌టిన్‌కూ ఇదే భోగం పట్టింది. 1975లో ఆరంభమైన ‘ఆనందమేళా’ పిల్లల పత్రికలో కవి నీరేంద్రనాథ్ చక్రవర్తి టిన్‌టిన్ కథలను బెంగాలీ చేశారు. టిన్‌టిన్ వెంట ఉండే తెల్ల కుక్కపిల్ల స్నోయీ ఆయన చేతిలో ‘కుట్టుష్’ అయింది. నేటికీ కలకత్తాలో ఆ కుక్కను కుట్టుష్ అనే అంటారు, స్నోయీ అంటే ఏ కుక్క అని అడిగేవారున్నారు.

అయితే కలకత్తా సేకర్తల వద్దకు వెళ్లి “మీకు ప్రాణమైన పుస్తకం ఏది?” అని అడిగితే, చాలామంది చూపించేది అరణ్యదేవ్‌ను కాదు, టిన్‌టిన్‌నూ కాదు. పొట్టి నిక్కరు, చేతులు లేని గులాబీ రంగు బనియను, చెప్పులు లేని కాళ్లు, తలుపంత వెడల్పు ఛాతీ గల ఒక బెంగాలీ వీరుణ్ణి. అతడే ‘బాంటుల్ ది గ్రేట్’. సృష్టికర్త నారాయణ్ దేబ్‌నాథ్.

దేబ్‌నాథ్ 1925లో హౌరాలోని శిబ్‌పూర్‌లో జన్మించారు. కుటుంబానికి బంగారు నగల వ్యాపారం ఉండేది. నగలపై చెక్కే పూలు, లతల నమూనాలు గీస్తూ ఆయన చేయి కుదిరింది. చిత్రకళాశాలలో చేరి చివరి సంవత్సరంలో మానివేశారు. పుస్తకాలకు బొమ్మలు వేస్తూ, ‘దేవ్ సాహిత్య కుటీర్’ వారి పిల్లల మాసపత్రిక ‘శుక్‌తారా’కు చేరువయ్యారు. శుక్‌తారా అంటే మన వేగుచుక్క. ఆ పత్రికలో 1962లో ‘హాందా-భోందా’ అనే అల్లరి కుర్రవాళ్లను ప్రవేశపెట్టారు. 1965లో బాంటుల్ వచ్చాడు. కాలేజ్ స్ట్రీట్ నుండి ఇంటికి తిరిగి వస్తూండగా ఆ పాత్ర తోచిందని దేబ్‌నాథే చెప్పుకున్నారు. 1969లో ‘కిశోర్ భారతి’ పత్రికలో హాస్టలు కుర్రవాళ్లు ‘నోంటే-ఫోంటే’ చేరారు. ఈ మూడింటినీ ఆయన దశాబ్దాల తరబడి గీశారు. హాందా-భోందా అర్ధశతాబ్దం దాటి నడిచింది.

బాంటుల్ మొదట కేవలం బలశాలి. దేశంలో యుద్ధ వాతావరణం ఏర్పడిన రోజుల్లో ప్రచురణకర్తలు అతణ్ణి ఎదురులేనివానిగా చేయమని కోరారట. దేబ్‌నాథ్ మొదట తటపటాయించారు, ఆ పైన ఒప్పుకున్నారు. అది మొదలు బాంటుల్ ఛాతీకి తగిలిన తూటాలు వెనక్కు పోసాగాయి. ట్యాంకులను, విమానాలను అతడు ఒంటిచేత్తో చూసుకోసాగాడు. ఇంత చేసినా అతడికి రెక్కల వంటి అంగీ లేదు, ముఖానికి ముసుగు లేదు, రహస్య జీవితం లేదు. ఇంట్లో ఇద్దరు పోకిరీ కుర్రవాళ్లు, పక్కన చేటల వంటి చెవులున్న లంబకర్ణుడు, ఉటో అనే పెంపుడు నిప్పుకోడి. అమెరికా వీరుడు లోకాన్ని రక్షించి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. బాంటుల్ రక్షించిన పిమ్మట భోజనానికి కూర్చుంటాడు. మా దృష్టిలో ఈ రెండవదే ఎక్కువ నమ్మదగిన పని.

ఇంతటి చిత్రకారునికి గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 2013లో సాహిత్య అకాదెమీ బాలసాహిత్య పురస్కారం, 2021లో పద్మశ్రీ ప్రకటించారు. పద్మశ్రీ పతకం చేతికందే నాటికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. 2022 జనవరి 18న 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆయన కథలు అచ్చయినవి నెలకొకసారి వచ్చే పత్రికల్లో. చవక కాగితం, చదివాక చిల్లర సామాను కింద లెక్క. కలకత్తా వీధుల్లో ఝాల్‌మురి కట్టి ఇచ్చే పొట్లాల్లో ఎన్ని శుక్‌తారాలు చిరిగిపోయాయో ఎవరు చెప్పగలరు? దేబ్‌నాథ్ చెల్లాచెదురు కథలను ‘లాల్‌మాటి’ ప్రచురణ సంస్థ సమగ్ర సంపుటాలుగా తెచ్చింది. ఇటువంటి సంపుటం వేయాలంటే పాత సంచిక ఎక్కడో ఒకచోట, ఎవరి అటక మీదనో బ్రతికి ఉండాలి. అమ్మివేయని ఇల్లు ఒకటి ఉండాలి. అమెరికాలో పాత సంచికను వెదికి పట్టడానికి సినిమా, వేలంపాట, లక్షల డాలర్లు ఉన్నాయి. బాంటుల్‌కు అటువంటి సినిమా అండ లేదు. అతణ్ణి మోసినవారు పదేళ్ల వయసులో చదివి, అరవయ్యో ఏట కూడా పారవేయడానికి మనసు రాని మామూలు మనుషులు.

సినిమాలను నిందించడం మా ఉద్దేశం కాదు. తెలుగువారమైన మనకు అద్భుత వీరులు తెర మీదనే ముందుగా పరిచయం. 1951 నాటి ‘పాతాళ భైరవి’ తోటరాముణ్ణి చూసి పెరిగిన తరం మనది. 1980లో ఎన్.టి. రామారావుగారు ‘సూపర్‌మాన్’ పేరుతోనే తెలుగు చిత్రంలో నటించారు. అందులో ఆ శక్తులు వేరే గ్రహం నుండి వచ్చినవి కావు, ఆంజనేయస్వామి ప్రసాదించినవి. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ కూడా ఆ దారినే నడిచింది. 2018లో ‘ఇన్ఫినిటీ వార్’ ప్రతినాయకుడు థానోస్ తెలుగులో మాట్లాడినది దగ్గుబాటి రానా గొంతుతో. మనకు కొరవడినది వీరులు కాదు, వారిని కాగితం మీద దాచుకునే అలవాటు. ఆ మాటకు వస్తే, పన్నెండు ‘చందమామ’లను కలిపి కాలికో బైండు చేయించి పెట్టుకున్న ఇళ్లు ఒకప్పుడు మనకూ చాలా ఉండేవి.

ఆ ఫోను వచ్చిన కొద్ది నాళ్లకు మేము వెదుకులాటకు బయలుదేరాము. కలకత్తాలో పాత పుస్తకాలకు మూడు చోట్లు ముఖ్యం. ప్రెసిడెన్సీ ప్రహరీ వెంబడి బారులు తీరిన కాలేజ్ స్ట్రీట్ దుకాణాలు, గోల్‌పార్క్ కాలిబాట, నేడు మీర్జా గాలిబ్ వీధిగా పిలువబడే ఫ్రీ స్కూల్ స్ట్రీట్. కాలేజ్ స్ట్రీట్‌లో ఒక వృద్ధ దుకాణదారుకు మా గోడు చెప్పుకున్నాము. “దాదా, అమ్మినవారంతా మళ్లీ కొనడానికే వస్తారు” అని నవ్వి, అడుగు నుండి ఒక కట్ట తీశారు. సినిమా వచ్చిన వారంలో కుర్రకారు విదేశీ కామిక్స్ అడుగుతారని, పాత బెంగాలీ సంచికలు అడిగేవారు జుట్టు నెరసినవారేనని ఆయన అన్నారు. ఆ రోజు మాకు రెండు ఇంద్రజాల్ సంచికలు, అట్ట లేని శుక్‌తారా ఒకటి దొరికాయి. ఒక ఇంద్రజాల్ లోపలి పుటలో పెన్సిలుతో ఎవరో పిల్లవాడు తన పేరు, తరగతి, ‘దొంగిలించినవాడు గాడిద’ అన్న హెచ్చరిక వ్రాసుకున్నాడు. అది మా పెట్టెలోనిది కాదు. అయినా దానిని పట్టుకున్నప్పుడు దొంగసొత్తు పట్టుకున్నట్లే తోచింది.

మరుసటి సంవత్సరం, 2020 మే 20న, ఆంఫాన్ తుపాను నగరంపై విరుచుకుపడింది. అప్పటికే లాక్‌డౌనుతో మూతపడి ఉన్న కాలేజ్ స్ట్రీట్ దుకాణాల్లోకి నీరు చేరి, పుస్తకాలు తడిసి వీధిలో తేలాయి. 1997 పుస్తక ప్రదర్శనలో అగ్నిప్రమాదం లక్షకు పైగా పుస్తకాలను మింగిన ఊరు ఇది. ఈసారి నీటి వంతు. తడిసిన పాఠ్యపుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయవచ్చు. 1965 నాటి శుక్‌తారాను ఎవరు వేస్తారు? మేము మళ్లీ వెళ్లేసరికి ఆ వృద్ధుని దుకాణం తెరచి ఉన్నది గాని, అడుగున ఉండే కట్టలు లేవు.

ఇంట్లో ఇటువంటి పుస్తకాలున్న పాఠకులకు మేము నేర్చుకున్న నాలుగు మాటలు చెప్పదలచాము. చవక కాగితంలోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి ఆమ్లంగా మారి కాగితాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా చేస్తుంది. కనుక ఎండ తగలనీయరాదు. తేమ గల ఊళ్లలో మొదటి శత్రువు పురుగు కాదు, పుస్తకం మధ్యనున్న ఇనుప పిన్ను. అది తుప్పు పట్టి చుట్టూ కాగితాన్ని తినివేస్తుంది. జాగ్రత్తగా పిన్ను తీసి, నూలుదారంతో కుట్టడం మేలు. చిరుగులకు సెల్లోటేపు అంటించవద్దు. కొన్నేళ్లకు టేపు ఊడిపోయి దాని జిగురు మరక మిగులుతుంది. లామినేషన్ అసలే వద్దు. ఎండిన వేపాకు వేయడం మన పెద్దలు చేసినదే, మంచిదే. ఆకు పూర్తిగా ఎండినదై ఉండాలి. వర్షాకాలం ముగిశాక ఒకసారి నీడపట్టున విప్పి గాలి తగలనివ్వండి.

మా అబ్బాయి కిందటి పూజా సెలవులకు తన కుమార్తెతో వచ్చాడు. ఆ పాపకు బెంగాలీ అక్షరాలు రావు. అట్ట లేని శుక్‌తారాలో బాంటుల్ పుట తెరచి, బొమ్మలు చూసి తనంతట తానే కథ అల్లుకుని, నిప్పుకోడి వచ్చినచోట పకపక నవ్వింది. ఈయన ఎగరలేడా తాతయ్యా అని అడిగింది. ఎగరలేడమ్మా, నడిచే వెళ్తాడు అన్నాము. కొత్త రేకు పెట్టె ఒకటి కొన్నాము. అందులో ప్రస్తుతానికి పదకొండు పుస్తకాలున్నాయి. ఇల్లు మారే సమయంలో ఆ పెట్టెను ఎవరు మోయాలో ఇంట్లో ముందుగానే నిర్ణయమైపోయింది. తూకపు మనిషి వచ్చినపుడు మేము గుమ్మం దాకా వెళ్లరాదన్నది కూడా ఆ నిర్ణయంలో భాగమే.