పాత ఇంటి కొయ్యకు కొత్త మెరుగు: కొంత రసాయనశాస్త్రం

కెనడాలో మన తెలుగు కుటుంబాలు చాలావరకు కొత్తగా వెలసిన శివారు కాలనీలలోనే ఇళ్లు కొనుక్కోవడం కద్దు. మా దంపతులం మాత్రం మూడేళ్ల క్రితం హామిల్టన్ నగరంలో 1924లో కట్టిన ఒక ఇటుక ఇంటిని ఇష్టపడి కొన్నాము. ఓకు కొయ్య మెట్లు, ఇత్తడి గుబ్బల తలుపులు, కాలక్రమాన నల్లబడిన చేతికమ్మి. మెట్ల పక్క నిలువు కమ్మీలకూ మొదటి స్తంభానికీ ఎవరో తెల్లరంగు పొరమీద పొరగా వేశారు. ఆ రంగు తీయించడానికి పిలిచిన పనివాడు "యంత్రంతో గీకితే ఒక పూటలో పోతుంది" అన్నాడు. ఆ మాట నమ్మి, కూలి కలిసివస్తుందన్న ఆశతో, గీకుడు యంత్రం అద్దెకు తెచ్చి నేనే మొదలుపెట్టాను. పది నిమిషాలు గడిచాక తిరిగి చూస్తే, మా రెండేళ్ల పాప మెట్లకింద కూర్చుని, తెల్లటి ధూళి పడ్డ బొమ్మను నోట్లో పెట్టుకుంటున్నది.

పదిహేనేళ్లుగా రసాయన పరిశోధనలో ఉన్నవాడికి ఆ ధూళి ఏమై ఉండవచ్చునో అప్పటిదాకా తోచకపోవడం సిగ్గుచేటు. పూర్వం తెల్లరంగుకు ఆధారం తెల్లసీసం, అనగా సీసపు కార్బనేటు. అది రంగుకు చక్కని కప్పుదలనూ మన్నికనూ ఇచ్చేది. కెనడా ప్రభుత్వం ఇంటి లోపలి రంగులలో సీసాన్ని 1976లో బరువులో 0.5 శాతానికి పరిమితం చేసింది. 2010 నాటికి ఆ పరిమితి కిలోకు 90 మిల్లీగ్రాములకు దిగింది. 1960కి ముందు కట్టిన ఇంట్లో పాత రంగు ఉంటే సీసం ఉన్నదనే భావించి మసలుకోవడం క్షేమం.

సీసపు అయాను కాల్షియం అయానువలె ప్రవర్తించి శరీరాన్ని మోసగిస్తుంది. ఎదిగే పిల్లల దేహం కాల్షియాన్ని ఆత్రంగా గ్రహిస్తుంది గనుక సీసాన్నీ పెద్దలకంటే ఎక్కువగా గ్రహిస్తుంది. అది ఎముకలలో దశాబ్దాలపాటు నిలిచిపోగలదు. మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గోడకు గట్టిగా అంటుకున్న రంగు అంత ప్రమాదకరం కాదు. దానిని ధూళిగా మార్చే గీకుడూ, ఆవిరిగా మార్చే మంటా ప్రమాదకరం. మా రంగుపెచ్చును ప్రయోగశాలకు పంపితే సీసం ఉన్నదనే తేలింది. పాప రక్తపరీక్ష ఫలితం కోసం తొమ్మిది రోజులు ఎదురుచూశాము. ఆందోళన అక్కరలేదని వైద్యురాలు చెప్పేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. ఇంటిని చీపురుతో ఊడ్వకుండా, తడిగుడ్డలతో తుడిచి, సూక్ష్మధూళిని పట్టే ప్రత్యేక వడపోత ఉన్న వాక్యూముతో శుభ్రం చేశాము. నిలువు కమ్మీల రంగు తీసే ఆలోచన మానుకుని, పెచ్చులూడకుండా ఉన్న ఆ రంగును కొత్త రంగుతో కప్పివేశాము.

చేతికమ్మి సంగతి వేరు. దానిమీద రంగు లేదు, పారదర్శకమైన పాత పూత మాత్రమే ఉన్నది. ఇటువంటి పూతను తొలగించే ముందు అదేమిటో తెలుసుకోవాలి. కనబడని మూల ఒక చుక్క ఆల్కహాలు వేసి నిమిషం ఆగండి. పూత మెత్తబడి జిగురైతే అది షెల్లాక్, అంటే మన లక్క. ఆల్కహాలుకు లొంగక లాకరు థిన్నరుకు మాత్రమే కరిగితే నైట్రోసెల్యులోజు లాకరు. రెంటికీ లొంగకపోతే నూనె వార్నీషో పాలీయురెథేనో అయి ఉంటుంది.

మాది లక్క! మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై లక్కపురుగు స్రవించే రెసిను అది. పాండవులను దహించడానికి కట్టించిన ఇంటి ముడిసరుకు, ఏటికొప్పాక లక్కపిడతల మెరుపు, హామిల్టన్ చేతికమ్మిపై పూత – మూడూ ఒకే పదార్థం. లక్కలో హైడ్రాక్సీ ఆమ్లాలు ఒకదానితో ఒకటి ఎస్టరు బంధాలతో కూడి ఉంటాయి. అణువులు వలవలె అల్లుకుపోలేదు గనుక ఆల్కహాలు వాటిని విడదీయగలదు. అందుచేత పాతపూతను ఒలిచిపారేయనక్కరలేదు. పైన పూసిన కొత్త లక్క పాతపొరను కొంత కరిగించి దానితో ఏకమవుతుంది. వార్నీషు ఎండేటప్పుడు అణువులు అల్లుకుపోతాయి. అది మళ్లీ కరగదు. లక్కపై పాలీయురెథేను వేయదలిస్తే లక్కలోని సహజమైన మైనం అంటుకోనివ్వదు, మైనం తీసిన లక్కనే వాడాలి. వేడి కాఫీ కప్పు పెడితే లక్కపై తెల్లటి వలయం పడుతుంది. భోజనాల బల్లకు నేనైతే లక్క వేయను.

వార్నీషును తీయక తప్పకపోతే మిథిలీన్ క్లోరైడు ద్రావకాల జోలికి పోకండి. అది 40 డిగ్రీలకే మరుగుతుంది. దాని ఆవిరి దేహంలో కార్బన్ మోనాక్సైడుగా మారుతుంది. జనవరిలో కిటికీలు బిగించిన నేలమాళిగలో దానితో పనిచేయడమంటే ప్రాణాలతో చెలగాటమే. అమెరికాలో గృహస్థులకు దాని అమ్మకాన్ని రంగు తొలగింపు నిమిత్తం 2019లో నిషేధించారు. బెంజైల్ ఆల్కహాలు ఆధారిత ద్రావకాలు నెమ్మదిగా పనిచేస్తాయి, ఓపిక కావాలి.

అవిసె నూనె పూసేవారికి మరొక్క మాట. ఆ నూనె ఆవిరై ఎండదు; గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, వేడిని విడుదల చేస్తుంది. నలిపి పడవేసిన గుడ్డలో ఆ వేడి బయటికి పోలేక దానంతటదే నిప్పంటుకోగలదు. 1991 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం ఇట్టి గుడ్డలవల్లనే మండింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించారు. గుడ్డలను విడివిడిగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన ఇనుపడబ్బాలో మూత పెట్టి ఉంచండి.

తలుపు గుబ్బల సంగతి సులువు. అయస్కాంతం అంటుకుంటే ఇనుముపై ఇత్తడి పూత మాత్రమే. ఎక్కువ తోమితే అదీ పోతుంది. అంటుకోకపోతే చింతపండే చాలు. దానిలోని టార్టారిక్ ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది. మా గుబ్బలు అలాగే తళతళలాడాయి, ఒక్క డాలరు ఖర్చు కాలేదు.

నిరుడు వేసవిలో మా అమ్మ వచ్చింది. సీసాలో నానవేసిన లక్క రేకులను చూసి, "ఒరేయ్, ఇది మన ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే లక్క కాదురా? అక్కడ తిరిగే కర్రకు లక్క ఆనించి, మొగలి ఆకుతో మెరుగుపెడతారు, నీకు గుర్తులేదూ!" అన్నది. మూడు పూతలు వేశాక మెట్లెక్కుతూ కమ్మిని చేత్తో తడిమి, ఇంకొక్క పూత పడాలని నిర్ణయించింది. వేశాను.