ఉద్యోగం మానాలా? పని మారితే చాలా?



ఇబ్రహీంపట్నం డిపో బస్సు ఎక్కని కుటుంబం మనలో అరుదు. ఆ బస్సు నడిపేవారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియాలి. కంటి లోపలి పొరలో రంగులను గుర్తించే కణాలు సరిగా పనిచేయకపోతే ఆ తేడా తెలియదు. దీనినే వర్ణాంధత్వం అంటారు. ఇది ఎక్కువగా పుట్టుకతో వస్తుంది, మగవారిలో ఎక్కువ. చూపు మాత్రం బాగానే ఉండవచ్చు.

2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒక ఉద్యోగికి ఈ లోపం ఉన్నట్లు పరీక్షలో తేలింది. వేరే పని ఇవ్వకుండానే 2016 జనవరిలో ఆయనను ఇంటికి పంపారు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆయనకు తగిన వేరే పనిని, పాత జీతం స్థాయిలోనే ఇవ్వాలని తీర్పు చెప్పింది. కార్మికులతో 1979లో కుదిరిన ఒప్పందమే ఇందుకు ఆధారమైంది. బస్సు నడపలేని మనిషి డిపోలో మరే పనీ చేయలేడని అనుకోకూడదు.

చట్టం ఏమంటుంది?

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుండి అమలులో ఉంది. ఇందులో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. వర్ణాంధత్వం ఆ జాబితాలో లేదు. ఉద్యోగంలో ఉండగా ఈ వైకల్యాలు వచ్చినవారిని ప్రభుత్వ సంస్థలు తీసివేయరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని చూపాలి. 20 మంది లేక అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా వికలాంగులకు కల్పించే సౌకర్యాలను రాసి ప్రకటించాలి.

చిన్న మార్పులే చాలు

• కాలు బలహీనమైనవారికి: కింది అంతస్తులో చోటు, మెట్ల పక్కన ర్యాంపు, కూర్చుని పనిచేసే వీలు.
• చెవుడు ఉన్నవారికి: చెప్పవలసినది కాగితం మీద రాసి ఇవ్వడం.
• మూర్ఛ ఉన్నవారికి: ఎత్తులకు, నిప్పుకు, తిరిగే యంత్రాలకు దూరంగా పని. రాత్రి డ్యూటీ లేకుండా చూడడం, ఎందుకంటే నిద్ర తగ్గితే మూర్ఛ రావచ్చు.
• కుష్ఠు నయమైనా చేతికి స్పర్శ తెలియనివారికి: పనిముట్ల పిడికి మందంగా గుడ్డ చుట్టడం, వేడి వస్తువులు పట్టుకోవడానికి గ్లౌజులు.

మీరు చేయవలసినది

డాక్టరుగారిని “ఈ పనికి పనికిరాడు” అని మాత్రమే కాక, ఏ పనులు చేయగలరో కూడా రాయమని అడగండి. ఏ మార్పు కావాలో యజమానికి అర్జీ ఇచ్చి, దాని నకలు దగ్గర ఉంచుకోండి. చట్టంలోని వైకల్యం ఉంటే యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయండి. రాజీనామా కాగితంపై తొందరపడి సంతకం చేయవద్దు. ముందు వేరే పని అడగండి.