అంతరిక్ష వ్యూహక్రీడల్లో గ్రహాల ఆక్రమణ: విస్తరణకు కట్టే మూల్యం

1. ఉపోద్ఘాతం:
అంతరిక్ష వ్యూహప్రధానమైన వీడియో గేముల్లో ఆటగాడు సాధారణంగా ఒకే గ్రహంతో మొదలై, గెలాక్సీ అంతటా రాజ్యాన్ని విస్తరించడానికి ప్రయత్నిస్తాడు. 1993లో అలన్ ఎమ్రిచ్ ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’ను పరిచయం చేస్తూ అన్వేషణ, విస్తరణ, వనరుల దోపిడి, నిర్మూలన అనే నాలుగు క్రియలను సూచించే పేరును వాడారు. అప్పటి నుంచి ఈ తరహా ఆటలు ‘ఫోర్ ఎక్స్’ ఆటలుగా ప్రసిద్ధమయ్యాయి. వీటిలో విస్తరణకు మూల్యం ఎలా నిర్ణయమవుతుంది, దానిని ఎవరి పక్షాన లెక్కిస్తారు అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. మాస్టర్ ఆఫ్ ఓరియన్ - దూరం, జనాభా:
ఈ ఆటలో ఆరంభాన ఒక వలస నౌక, రెండు అన్వేషక నౌకలు లభిస్తాయి. వలస నౌక తన గ్రహం నుంచి 3 పార్సెక్కుల దూరం మాత్రమే వెళ్లగలదు. ఇంధన పరిజ్ఞానం పెరిగినా, మార్గమధ్యంలో కొత్త వలస ఏర్పడినా ఈ హద్దు జరుగుతుంది. అందువల్ల వనరులు లేని గ్రహం సైతం మజిలీగా విలువైనదవుతుంది. గ్రహంపై జనాభా గరిష్ఠ పరిమితికి చేరువయ్యే కొద్దీ పెరుగుదల మందగిస్తుంది. కనుక నిండిన గ్రహం నుంచి కొందరిని కొత్తచోటికి తరలించడం లాభదాయక వ్యూహం. అయితే వారు వెళ్లిన మేరకు మాతృగ్రహం ఉత్పత్తి తాత్కాలికంగా తగ్గుతుంది.

3. స్టెలారిస్ - పరిమాణమే భారం:
స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ 2016లో విడుదల చేసిన ‘స్టెలారిస్’లో తొలుత వలసల చుట్టూ సరిహద్దులు వాటంతట అవే వ్యాపించేవి. 2018 నాటి మార్పుల తరువాత ప్రతి నక్షత్ర వ్యవస్థలోనూ విడిగా స్థావరం నిర్మించవలసి వచ్చింది. దానికి వనరులతో పాటు ‘ప్రభావం’ అనే పరిమితమైన రాజకీయ నిధి కూడా ఖర్చవుతుంది. రాజ్యం పెరిగే కొద్దీ పరిశోధనల వ్యయమూ పెరుగుతుంది. కాబట్టి ఎంత ఆక్రమించాలనే దానితో సమానంగా ఎక్కడ ఆగాలనేదీ వ్యూహంలో భాగమే.

4. లెక్కకు రాని పక్షం:
స్టెలారిస్‌లో కొన్ని గ్రహాలపై నక్షత్రాంతర ప్రయాణం ఇంకా నేర్వని జాతులు నివసిస్తుంటాయి. ఆటగాడు వారిని దూరం నుంచి పరిశీలించవచ్చు, సాంకేతిక జ్ఞానం అందించవచ్చు, లేదా దండెత్తి లోబరచుకోవచ్చు. ఈ ఎంపికలన్నీ ఆటగాడివే. ఓడిన వారు విజేత జనాభా పట్టికలో చేరతారు. వారి అసంతృప్తి సైతం పాలకుడి సుస్థిరతకు కలిగే నష్టంగానే నమోదవుతుంది.

ఇక్కడ తెలుగులోని ‘వలస’ అనే పదం ఆలోచింపజేస్తుంది. పాలమూరు కూలీల వలస, ఆంగ్లేయుల వలసపాలన రెండింటికీ మనం వాడేది ఒకే మాట. మొదటిది బతుకుతెరువు కోసం ఊరు విడవడం, రెండవది పరుల నేలను ఏలడం. ఈ ఆటలు ఖాళీ గ్రహానికి జనాన్ని పంపడాన్నీ, నివాసిత గ్రహాన్ని లోబరచుకోవడాన్నీ ‘విస్తరణ’ అనే ఒకే శీర్షిక కింద చేరుస్తాయి.

5. ముగింపు:
హద్దులేని విస్తరణ లాభదాయకం కాదని ఈ ఆటల నియమాలు స్పష్టంగా బోధిస్తాయి. అయితే ఆ మూల్యాన్ని అవి విస్తరించేవాడి ఖాతాలోనే చూపుతాయి. ఆక్రమణకు గురైనవారి నష్టానికి ప్రత్యేకమైన పద్దు లేదు. వీడియో గేములను అధ్యయనం చేసేవారు కథతో పాటు ఈ నియమాలను కూడా పాఠంగా చదవడం అవసరం.