చెరిపే ముందు ఒక్క క్షణం

డేటాబేస్ అంటే లక్షల పద్దులున్న చిట్టా పుస్తకం. అలాంటివాటిని కాపాడటమే నా ఉద్యోగం. యంత్రం చెడిపోవడం కన్నా, మనిషి పొరపాటున చెరిపెయ్యడమే నాకెక్కువ భయం.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు రెండో సర్వరులోని డేటా తుడవబోయి, అసలు సర్వరులోది తుడిచేశాడు. తేరుకుని ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 మాత్రమే మిగిలాయి. రోజూ నకళ్ళు తీయవలసిన ప్రోగ్రామ్ అప్పటికే విఫలమవుతోంది. ఆ హెచ్చరికలు ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు వేరే పనికోసం తీసిన నకలు ఉండబట్టి గండం గడిచింది. ఆ ఆరు గంటల్లో చేరిన వివరాలు మాత్రం పోయాయి.

అందుకే మేము పాత డేటాబేసును వెంటనే తీసెయ్యం. ముందు ఎవరూ వాడకుండా మూసి ఊరుకుంటాం. అవసరమున్నవాళ్ళు కేకేస్తారు కదా! ఏడాదికోసారి వాడేవాళ్ళూ ఉంటారు కనుక తొందరపడం. తర్వాత చివరి నకలు తీసి, వేరే యంత్రంలో తెరిచి చూస్తాం. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్టే. ఆపైన ఇద్దరం కలిసి, సర్వరు పేరు పైకి చదివి చెరుపుతాం. ముఖ్యమైనవాటికి "చెరపరాదు" అని తాళం వేస్తాం. అది తియ్యనిదే యంత్రం మన మాట వినదు.

మన సంఘం సభ్యుల జాబితా, పిల్లల నాటకాల ఫోటోలు కూడా ఏ కార్యదర్శిగారి కంప్యూటర్లోనో ఉంటాయి. కార్యవర్గం మారినప్పుడు లెక్కల పుస్తకాలతో పాటు రెండు నకళ్ళు అందాలి, రెండిళ్ళలో ఉండాలి. ఏటా ఉగాదికి ఒకసారి తెరిచి చూసుకుందాం.