డ్రైవరు లేని బండి, దారి హక్కు

పిడుగురాళ్లలో సున్నం లారీలు, మిర్చి బస్తాల ట్రాక్టర్లు, ఆటోలు, బడిపిల్లలు అందరికీ అవే కూడళ్లు. అక్కడ దారి ఇవ్వడం చాలావరకు కంటిచూపుతోనే జరుగుతుంది. లారీ డ్రైవరు చెయ్యి ఊపుతాడు, వృద్ధురాలు దాటుతుంది. ఆ చెయ్యి ఊపే మనిషే లేని బండి వస్తే ఆమె ఎవరి ముఖం చూసి అడుగు వేయాలి?

ఇది మరీ దూరపు మాట కాదు. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో, ‘తిహాన్’ కేంద్రం కింద ఇటువంటి వాహనాల పరీక్షా క్షేత్రం 2022 జూలైలో ప్రారంభమైంది. అందులో కూడళ్లూ ఉన్నాయి, కృత్రిమ వర్షం కురిపించే ఏర్పాటూ ఉంది. 2025 నాటికి ఆ ప్రాంగణంలో డ్రైవరు లేని చిన్న బస్సులు జనాన్ని చేరవేస్తున్నాయి.

వీటివల్ల కూడలికి మేలు ఉన్న మాట నిజమే. పచ్చదీపం వెలిగాక మొదటి బండి కదలాలి, దాన్ని చూసి రెండవది, ఆపైన మూడవది. వరుస చివర ఉన్నవానికి మళ్లీ ఎర్రదీపమే మిగులుతుంది. పరస్పరం సంకేతాలు పంపుకునే వాహనాలైతే దాదాపు ఒకేసారి కదలగలవు. 2004లో టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రెస్నర్, స్టోన్ మరొక అడుగు ముందుకు వేశారు. రైలులో బెర్తు రిజర్వు చేసుకున్నట్లు, ప్రతి బండీ కూడలిలో తనకు కావలసిన చోటును, క్షణాన్ని ముందే అడిగి పొందుతుంది. కంప్యూటర్ నమూనాలో ఎదురుచూపు బాగా తగ్గింది. అయితే ఆ నమూనాలో ఉన్నవన్నీ యంత్రాలు నడిపే బండ్లే. మన ఎడ్లబండి ఎవరిని అడిగి చోటు రిజర్వు చేసుకుంటుంది? కాలినడకన పోయేవాని సంగతి చెప్పనే అక్కరలేదు.

దారి పక్కన కూర్చునేవారు సైతం దారి హక్కు చెల్లించాలనీ, బాటసారులకు బాధ కలిగించరాదనీ దైవప్రవక్త (స) బోధించారు. కూర్చున్నవానికే ఇంత బాధ్యత ఉన్నప్పుడు దూసుకుపోయే బండి సంగతేమిటి?

హనఫీ ఫిఖ్హ్ గ్రంథాలలో దీనికి దగ్గరి చర్చ ఒకటి ఉంది. పశువు దారిలో ఎవరినైనా తొక్కితే, దానిపై ఎక్కినవాడు (రాకిబ్), పగ్గం పట్టి ముందు నడిపేవాడు (ఖాయిద్), వెనుక నుంచి తోలేవాడు (సాయిఖ్) పరిహారానికి బాధ్యులు. పశువు వెనుక కాలితో తన్నితే మాత్రం రౌతుపై బాధ్యత లేదు, ఎందుకంటే దాన్ని ఆపడం అతని చేతిలో లేదు. అంటే ఆపగల శక్తి ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. వెనుక సీటులో కునుకు తీసే ప్రయాణికుడు రాకిబేనా? నాకు అలా తోచడం లేదు. పగ్గం అతని చేతిలో లేదు.

జర్మనీ 2021లో చేసిన చట్టం ప్రకారం, డ్రైవరు లేని వాహనానికి దూరం నుంచి పర్యవేక్షిస్తూ అవసరమైతే నిలిపివేయగల మనిషి ఒకరు ఉండి తీరాలి. అది చదివినప్పుడు నాకు వెంటనే సాయిఖ్ గుర్తుకువచ్చాడు.