బిడ్డ మందు: మనకు అప్పగించిన అమానతు

మంగినపూడిలో ఒక ఉదయం ఖుర్ఆన్ పాఠం మధ్యలో ఆపవలసి వచ్చింది. పదేళ్ల విద్యార్థి ఒకడు మూర్ఛతో నేలకొరిగాడు. ఎవరో తాళపుచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెట్టబోగా మేము వారించాము. బాలుణ్ణి ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాము. నోటిలో ఏమీ పెట్టనీయలేదు. రెండు నిమిషాల్లో తేరుకున్నాడు. అయిదు నిమిషాలు దాటితే మాత్రం 108కు ఫోను చేయవలసిందే.

మగతగా ఉంటున్నాడని తల్లి వారం రోజులుగా సగం మాత్రే ఇస్తోందని తరువాత తెలిసింది. ఆమెను నిందించలేము. మందు తగ్గితే మూర్ఛ, మించితే మగత, నడకలో తూలుడు. ఫెనిటాయిన్ రక్తంలో మిల్లీలీటరుకు సాధారణంగా 10 నుండి 20 మైక్రోగ్రాములు ఉండాలి. మోతాదు కొద్దిగా మారినా ఆ మట్టం ఎంతో మారిపోగలదు. అది తెలియాలంటే రక్తం తీయాలి. సూది చూస్తేనే పిల్లలు బెదురుతారు.

లాలాజలంతోనూ ఈ లెక్క తెలుసుకోవచ్చునని 1970ల నుండి పరిశోధకులు చూపుతున్నారు. రక్తంలో ప్రోటీన్లకు అంటుకోని మందే మెదడుకు చేరుతుంది. అదే లాలాజలంలోకీ ఊరుతుంది. ఫెనిటాయిన్‌లో అది సుమారు పదో వంతు. ఫెనిటాయిన్, కార్బమజెపైన్‌లకు ఈ కొలత నమ్మదగినది, వాల్‌ప్రోయేట్‌కు కాదు. ఉదయపు మాత్రకు ముందే నోరు కడిగి, కొంతసేపు ఆగి, శుభ్రమైన సీసాలో పట్టాలి. ఉమ్మి అశుద్ధమేమో అన్న సంకోచం వద్దు. షరీఅత్ దృష్టిలో అది నజీస్ కాదు. సేకరణ ఇంట్లో జరగవచ్చు గాని, కొలత ప్రయోగశాలది, మోతాదు నిర్ణయం వైద్యునిది. మన వైపు సాధారణంగా రాసేది రక్తపరీక్షే. ఈ మార్గం వీలవుతుందేమో వైద్యుణ్ణి అడగండి.

మూర్ఛతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. సహనం వహిస్తే స్వర్గమనీ, కోరితే స్వస్థతకై ప్రార్థిస్తాననీ ఆయన తెలిపారు. ఆమె సహనాన్నే ఎంచుకుని, మూర్ఛ వేళ తన శరీరం బయటపడకుండా దుఆ చేయమని వేడుకుంది. ఆ ఎంపిక ఆమె తన కొరకు చేసుకున్నది. నోరులేని బిడ్డ తరఫున మందు మానే హక్కు మనకెక్కడిది?

ఇప్పుడు ఆ తల్లి ప్రతి మాత్రనూ, ప్రతి మూర్ఛనూ కేలండరుపై గుర్తిస్తోంది. మగతను గురించి వైద్యునికే చెప్పింది. బాలుడు ఆగిన ఆయతు దగ్గరే పాఠం మళ్లీ మొదలుపెట్టాడు, అల్‌హందులిల్లాహ్.