ఆడుపడుచు పాలు

మన పల్లెలలో అన్నదమ్ములు వేరుపడునపుడు పెద్దమనుష్యులను పిలుచుట యాచారము. చావడిలోనో వేపచెట్టు నీడనో కూర్చుండి, మెరక యెంత, పల్లమెంత, బావి నీటిలో వంతులెన్ని, పెరటిలోని కొబ్బరిచెట్లెవరివి యని తేల్చి, కాగితముపై చేవ్రాళ్లు చేయింతురు. ఇంతవరకు బాగుగనే యుండును. కాని యచట కూర్చున్నవారిలో ఆ యింట పుట్టిన ఆడుపడుచు తఱచుగా కానరాదు. పంపకము ముగిసిన కొన్నాళ్లకు ఆమెను పిలిచి, చీర పెట్టి, "ఇచట నొక సంతకము చేయుమమ్మా" యని యడుగుదురు. ఆ సంతకమువలన ఆమె కోల్పోవునదేమి, సంతకములేని పంపకమువలన అన్నదమ్ములకు వచ్చు చిక్కేమి యను విషయమును నేడు మీకు విన్నవింపదలచితిని. ఊరివారు తమ తగవులను మీ యెదుటనే పెట్టుదురు గనుక మీరీ సంగతులను చక్కగా నెఱిగియుండుట యవసరము.

ముందుగా ప్రాతకథ చెప్పెదను. మన కుటుంబములలో ఆస్తిపంపకమునకు చిరకాలముగా నాధారమైనది మితాక్షర. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన వ్యాఖ్య యిది. ఆయన కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున నుండెను. తిక్కన కాలమువాడైన కేతన కవి ఆ గ్రంథమును తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కావున ఈ ధర్మము మనవారికి క్రొత్తది కాదు. దాని మూలసూత్రమొక్కటియే: కుమారునకు పితామహుని యాస్తిలో పుట్టుకతోడనే హక్కు కలుగును. అది తండ్రి దయచేసి యిచ్చునది కాదు. వంగదేశమున నడచిన దాయభాగమతము వేఱు. అచట తండ్రి జీవించియుండగా కుమారునకు హక్కు లేదు.

మఱి కుమార్తె మాట యేమి? పెండ్లి కాని చెల్లెండ్రకు సోదరులు నాలుగవ పాలిచ్చి వివాహము చేయవలెనని స్మృతి విధించినది. విజ్ఞానేశ్వరుడు దానిని కేవలము పెండ్లి ఖర్చుగా గాక భాగముగనే వివరించెను. కాని లోకాచారమున ఆ పాలు క్రమముగా కరగి పెండ్లి ఖర్చుగనే మిగిలెను. కలిగినవారు పసుపుకుంకుమల క్రింద ఎకరమో అరయెకరమో యిచ్చిరి. లేనివారు చీరసారెలతో సరిపెట్టిరి. శాస్త్రము చెప్పినదానికంటె ఆచారమే ఆడుదానికి తక్కువ చేసినదని గ్రహింపవలెను.

ఇక చట్టముల మాట. 1937వ సంవత్సరపు చట్టము వితంతువునకు భర్త భాగమును యావజ్జీవము అనుభవించు హక్కును మాత్రమే యిచ్చెను. 1956లో హిందూ వారసత్వ చట్టము వచ్చెను. స్త్రీకి దక్కిన యాస్తి ఆమెకు సంపూర్ణముగా చెందుననియు, తండ్రి వీలునామా లేక మరణించినచో ఆయన భాగము తల్లి, కుమారులు, కుమార్తెలు సమముగా పంచుకొనవలెననియు శాసించెను. కాని పుట్టుకతో వచ్చు హక్కు మాత్రము కుమారులకే మిగిలెను. ఆ కొఱతను దీర్చుటకు 1985లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము ముందడుగు వేసి, కుమార్తెకును జన్మహక్కు నిచ్చెను. అయితే 1985 సెప్టెంబరు 5వ తేదీకి ముందే వివాహమైనవారికి అది వర్తింపలేదు. తమిళనాడు 1989లోను, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఆ దారినే నడచినవి. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి దేశమంతటను, పెండ్లి అయినను కాకున్నను, కుమార్తె కుమారునితో సమానమయ్యెను. నాటివఱకు తండ్రి జీవించియుండవలెనా యను సందేహమును సుప్రీముకోర్టు 2020 ఆగస్టు 11వ తేదీన తీర్చినది. హక్కు పుట్టుకవలన వచ్చినది గావున తండ్రి జీవించియుండనక్కరలేదని యా తీర్పు.

లెక్కలో చెప్పిన విషయము తేటపడును. ఒక యింట తండ్రి, తల్లి, కుమారుడు, కుమార్తె. పితామహునినుండి వచ్చిన యుమ్మడి భూమి 9 ఎకరములు. తండ్రి వీలునామా వ్రాయక కాలము చేసెననుకొందము. 1956 నాటి లెక్క ప్రకారము, మన దక్షిణదేశ సంప్రదాయమున, తండ్రికి నాలుగున్నర, కుమారునకు నాలుగున్నర. తండ్రి నాలుగున్నరను ముగ్గురు పంచుకొనగా తలకు ఒకటిన్నర. వెరసి కుమారునకు 6 ఎకరములు, కుమార్తెకు ఒకటిన్నర, తల్లికి ఒకటిన్నర. నేటి లెక్కలో తండ్రికి 3, కుమారునకు 3, కుమార్తెకు 3. తండ్రి మూడును తలకొక యెకరము. వెరసి కుమారునకు 4, కుమార్తెకు 4, తల్లికి 1. ఇచట తల్లి పాలు తగ్గినదని గమనింపుడు. కుమార్తెకు న్యాయము చేయునపుడు ముసలితల్లిని మఱువరాదు. తండ్రి బ్రతికియుండగానే తన భాగమును భార్యకు వీలునామా వ్రాయవచ్చును. ఇద్దఱు సాక్షుల యెదుట సంతకము చేసిన చాలును. రిజిస్టరు చేయించిన మఱింత మేలు.

దీనికి ఊళ్లలో వినవచ్చు ఆక్షేపణలు ప్రధానముగా రెండు. మొదటిది, "కట్నమిచ్చితిమి గదా" యనుట. కట్నమిచ్చుటయు పుచ్చుకొనుటయు 1961నుండి నేరము. ఇచ్చినది చాల తావుల అత్తవారి యప్పులకో, ఆడుబిడ్డ పెండ్లికో పోయినది. ఆమె చేతికి రాని సొమ్ము ఆమె పాలెట్లగును? రెండవది, "తల్లిదండ్రులను చూచునది కొడుకు గదా" యనుట. వాస్తవమేమి? కొడుకు హైదరాబాదులోనో అమెరికాలోనో యుండగా, ప్రక్కయూరి కూతురే తల్లిని ఆసుపత్రికి గొనిపోవుట మనము నిత్యము చూచుచున్నాము. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టము కూతునకును కొడుకుతో సమముగా బాధ్యత విధించినది. బరువున సగము మోయుమని చెప్పి, భాగము మాత్రము లేదనుట ధర్మము కాదు.

నాయొద్ద చదువుకొన్నవాడొకడు కొన్నియేండ్ల క్రిందట ఒక దస్తావేజు తెచ్చి చూపెను. అక్కగారిచేత హక్కు విడుదల వ్రాయించుకొనెను. అందేమున్నదో ఆమెకు చదివి వినిపింపలేదు. పిదప ఎవరో చెప్పగా విని యామె వ్యాజ్యమేమియు వేయలేదు. సంక్రాంతికి రాకపోకలు మాత్రము మానుకొనెను. "భూమి దక్కినది గాని పండుగనాడు ఇల్లు వెలవెలబోవుచున్న"దని యాతడు కంట నీరు పెట్టుకొనెను. పుట్టినింటిపై ఆడుదానికుండు మమకారము ఎకరములతో కొలుచునది కాదు. తన్నడుగలేదన్నదే యామె బాధ. అడిగియుండిన సగము తమ్మునకే విడిచియుండెడిదేమో!

కావున పెద్దలైన మీకు నా మనవి యిది. పంపకమునకు కూర్చుండునపుడు ఆ యింటి ఆడుపడుచులందఱును వచ్చిరా యని మొదట నడుగుడు. ఉమ్మడి యాస్తి యేది, స్వార్జితమేది యని వేఱుచేయుడు. స్వార్జితమును తండ్రి తన యిష్టమువచ్చినవారికి వ్రాయవచ్చును. నివాసగృహములోను కుమార్తెకు భాగమడుగు హక్కు 2005నుండి కలదు. భాగముతోపాటు ఉమ్మడి బాధ్యతలును ఆమెకు వచ్చునని చెప్పుడు. ఆమె తన పాలు విడువగోరినచో దస్తావేజును బిగ్గరగా చదివి వినిపించి, ఆలోచించుకొనుటకు వ్యవధి యిచ్చి, రిజిస్ట్రారు కచేరిలో నమోదు చేయింపుడు. నోటిమాటల పంపకములను నమ్ముకొనకుడు. 2004 డిసెంబరు 20వ తేదీకి ముందు రిజిస్టరైన పంపకములకును, కోర్టు డిక్రీలకును భంగము లేదు. నోటిమాట పంపకములను న్యాయస్థానములు గట్టి ప్రభుత్వపత్రముల సాక్ష్యమున్నపుడు, అదియు నరుదుగా మాత్రమే, అంగీకరించును. కూతురిని విడిచి చేసిన పంపకము కొడుకులకును నిలుకడయైనది కాదు. భూమి యమ్మబోవునాడు కొనువాడు మొదట నడుగునది అక్కచెల్లెండ్ర సంతకమే.

చట్టము కచేరిలో గెలిపించును. కుటుంబమును నిలుపునది మాత్రము పెద్దల న్యాయబుద్ధి. వ్యాజ్యము వేసి పుచ్చుకొన్న నాలుగెకరములకంటె, అన్న పిలిచి యిచ్చిన రెండెకరములు ఆడుపడుచునకు ప్రియములు. ఆ పిలుపు మీ చావడినుండియే మొదలుగావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. స్వస్తి.